కడప వైరు పెట్టొద్దన్న రోజు

నా చదువు తొమ్మిదో తరగతి దగ్గర ఆగింది. ఆగింది అనడం కూడా గొప్ప చెప్పుకోవడమే, మా లెక్కల ఐవారు ఆపినాడు. ఆయన మా నాయనను బడికి పిలిపించి, "వీన్ని ఇంకో ఏడు ఈ తరగతిలో ఉంచితే నేను బడి మానుకోవాల్సి వస్తాది" అన్నాడంట. ఇద్దరిలో ఒకరు మానుకోక తప్పదు. ఆయనకు పెండ్లాం బిడ్డలు ఉండారు, పోనీలే పాపమని నేనే మానుకున్నాను.

అట్లాంటి నా చేతికి రెండు జిల్లాల జనం గుండెలు, ఊపిరితిత్తులు, మెదళ్ళు అప్పజెప్పి జాగ్రత్తగా చూసుకోమన్నారు. నిజం గుండెలు కాదు, వాటి పటాలు. నేను పనిచేసింది కర్నూలులో ఒక స్కానింగ్ సెంటరు. దానికి కడపలో ఇంకో సెంటరు ఉండేది. ఈ మధ్యనే రిటైరు అయినాను. ఇప్పుడు కల్లూరు పక్క, సగం కట్టిన ఇండ్ల నడుమ పూర్తిగా కట్టిన ఒక ఇంట్లో కూర్చొని ఇది రాస్తాండా. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లకాయలు చదువుతారని. మీరంతా డిగ్రీలు చదివినోళ్ళు, నేను చేసిన తప్పు చెయ్యరు. ఇంకోటి చేస్తారు. అది చేసినప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ఇందులో ఉంది.

నేను మొదట చేరింది డార్క్ రూములో ఫిల్ములు కడిగే పనికి. ఎర్రబల్బు వెలుగులో మందునీళ్ళ తొట్లలో ముంచి, కడిగి, క్లిప్పులకు వేలాడదీసేవాన్ని. పెండ్లిచూపుల్లో నా చేతివేళ్ళ పసుపురంగు చూసి, ఎక్కువ సిగరెట్లు తాగుతాడని పిల్లనిచ్చేవాళ్ళు వెనక్కి పోయేవాళ్ళు. ఆ కాలంలో పాత ఫిల్ములు పడేయాలంటే పెద్ద పని. గోనెసంచుల్లో కట్టి అటక మీద వేసి ఉండేవి. దించాలంటే ఒక నిచ్చెన, ఇద్దరు మనుషులు, కింద ఒక ఆటో. ఆ ఇద్దరిలో ఒకడైనా "ఒరేయ్, ఇది పడేయొచ్చా?" అని అడిగేవాడు. తర్వాత కంప్యూటరు వచ్చింది. అదే పని ఒక మనిషి, ఒక వేలు.

ఫిల్ములు పోయినాక నాకు పని లేకుండా పోయింది. మా డాక్టరు సారు నన్ను ఇంటికి పంపలేక కంప్యూటరు గదిలో కూర్చోబెట్టినాడు. స్కాన్ తీసిన పటాలు వరుసగా సర్దడం, అడిగినప్పుడు తీసివ్వడం, జాగా నిండినప్పుడు చూసుకోవడం. ఖాళీ దొరికితే రోగులను మిషను బల్లమీదికి ఎక్కించేదానికి కూడా పోయేవాన్ని. ఆరు నెలల్లో నేర్చుకున్నాను. నాకు ఇంగ్లీషు రాదు గానీ, కంప్యూటరుకు కూడా అంతగా వచ్చినట్టు లేదు. ఉండే నాలుగు మాటలనే తిప్పి తిప్పి వాడుతుంది.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాల, లేకుంటే కథ అర్థం కాదు. కర్నూలులో పటాలు దాచే ఒక పెద్ద కంప్యూటరు మిషను, కడపలో అట్లాంటిదే ఇంకోటి. రెండింటికీ నడుమ లైను. ఇక్కడ తీసిన పటం అక్కడ కనిపిస్తుంది, అక్కడ తీసింది ఇక్కడ కనిపిస్తుంది. డాక్టరు సారు కర్నూలులో కూర్చొని కడప రోగికి రిపోర్టు రాసేవాడు. దీన్ని బిగించిన ఇంజనీరు హైదరాబాదు ఆయన. ఏదైనా తీసేయాలంటే ముందు ఏమేం చూసుకోవాలో వరుసగా చెప్పినాడు. నేను ఒక అట్టమీద తెలుగులో రాసుకొని గోడకు తగిలించినాను. తర్వాత ఎవరో మహానంది పోయివచ్చి దేవుని కేలండరు ఇచ్చినారు. మేకు ఒక్కటే ఉండె. దానికే తగిలించినాను. దేవుని వెనక ఏముందో ఎవరు ఎత్తి చూస్తారు?

కడప మిషను దగ్గర ఒక ఆమె ఉండేది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, నేను అక్కా అని పిలిచేవాన్ని, ఆమెకు మండేది. ఆరేడేండ్లు పొద్దున, సాయంత్రం ఫోనులో మాట్లాడుకున్నాం గానీ ఒకరి మొగం ఒకరు చూసింది లేదు. మొగం చూడని మనిషిని ఏడిపించడం శానా సులువు. ఒకసారి ఫోన్ చేసి, "మన పెద్ద ఓనరు రోగి వేషంలో చెకింగుకు వస్తాండాడంట, గుర్తు ఏందంటే కొంచెం కుంటుతాడు" అని చెప్పినాను. ఆ పొద్దు కడప సెంటరులో కుంటుకుంటూ వచ్చిన ప్రతివానికీ కుర్చీ వేసి టీ ఇచ్చినారు. మోకాళ్ళ నొప్పులోళ్ళు పదిమంది దాకా వచ్చినారంట.

ఇంకోసారి, "పటాలు తిరగబడి వస్తాండాయి, మీ మిషను తూర్పు మొగం పెట్టాలంట" అన్నాను. ఆమె నమ్మలేదు. నా బిడ్డ మీద ఒట్టు అన్నాను. అప్పుడు నమ్మి, వాచ్‌మన్‌ను పిలిచి, ఇద్దరూ కలిసి ఆ బరువైన బల్లను జరిపి జరిపి తూర్పుకు తిప్పినారు. తిప్పినాక నాకు ఫోన్ చేసి, "ఇప్పుడు సరిగ్గా వస్తాండాయా?" అని అడిగింది. "శానా బాగా వస్తాండాయి" అన్నాను. వారం తర్వాత డాక్టరు సారు చెప్పినాడంట అదంతా ఉత్తదని. ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను ఈ సంగతులు గొప్పకు చెప్పడం లేదు. నేను ఎట్లాంటి మనిషినని ఆమె అనుకొని ఉంటాదో మీకు తెలియాలని చెప్తాండా.

తర్వాత సెంటరుకు కొత్త స్కాన్ మిషను వచ్చింది. అది మనిషిని కాగితాల మాదిరి పలచగా కోసి చూపిస్తుంది. ఒక్క ఛాతీకే వందల పటాలు. కొన్ని నెలల్లో మా జాగా నిండిపోయి తెరమీద గీత ఎర్రగా అయింది. పటం తెరుచుకోవాలంటే నేను టీ తాగి రావొచ్చు. వరండాలో రోగులు, డాక్టరు సారుకు విసుగు. "పాతవి ఏమైనా ఉంటే తీసెయ్యప్పా" అన్నాడు.

అది సోమవారం. నాకు ఒక ఉపాయం తట్టింది. పాత ఛాతీ స్కాన్లు మా దగ్గర ఉన్నాయి, కడపలో కూడా ఉన్నాయి. రెండు చోట్ల ఎందుకు? మావి తీసేస్తే వాళ్ళవి వాళ్ళకు ఉంటాయి, కావాల్సి వస్తే అడిగి తెప్పించుకోవచ్చు. బయట ఒక డిస్కులో నకలు ఉండాల్సింది. అది ఎండాకాలంలో కరెంటు ఎక్కువ తక్కువ అయ్యి చచ్చిపోయింది, కొత్తది కావాలని రాసిన కాగితం మేనేజరు బల్లమీద ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, కడప ఉంది కదా అనుకున్నాను. అయినా అడగకుండా చెయ్యకూడదని ఫోన్ చేసినాను. అంతవరకు నాది మంచి బుద్ధే.

"అక్కా, ముందటేడు, అంతకుముందు తీసిన ఛాతీ స్కాన్లు నీ దగ్గర ఉండాయి కదా?"

"ఉండాయి. ఏం, వాటిని గూడా తూర్పుకు తిప్పాల్నా?"

"లేదులే. ఈడ జాగా లేదు. మావి తీసేస్తాండా."

"తీసేయప్పా. అట్లే నా పాపాలు కూడా ఆ మూటలోనే కట్టి పడేయ్."

"నిజంగా తీసేస్తాండా."

"నేనూ నిజంగానే చెప్తాండా. శానా ఉండాయి." అని నవ్వి, "అయినా మాకు శనివారం నుంచి లైనే లేదు. రోడ్డు తవ్వుతా జేసీబీ ఆయన వైరు తెంపినాడు. నువ్వు ఏమన్నా చేసుకో" అంది.

దీన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను. ఆమె దీన్ని నా రోజువారీ కూతల్లో ఒకటి అనుకుంది. ఇద్దరం ఫోన్ పెట్టేసినాం. నేను ఆ రెండేండ్ల ఫోల్డర్లు పట్టి వేలు నొక్కినాను. ఖాయమేనా అని మిషను అడిగింది. ఖాయమే అన్నాను. పెండ్లిచూపుల్లో కూడా నేను అంత తొందరగా చెప్పలేదు. ఎర్ర గీత సగానికి తగ్గింది. పటాలు టకటక తెరుచుకుంటా ఉంటే, డాక్టరు సారు నా గదిలోకి తల పెట్టి "భేష్" అని పోయినాడు. మూడు రోజులు నేను నేలమీద నడవలేదు.

గురువారం ఆదోని అవతల ఒక పల్లె నుంచి ఆలుమగలు వచ్చినారు. కూలికి పోయే మనుషులు. ఆయమ్మకు నలభై దాటి ఉంటాయి. దగ్గు తగ్గడం లేదని స్కాన్ రాసినారు. తీసినాం. డాక్టరు సారు తెర ముందర కూర్చొని శానాసేపు ఒక్కచోటే చూసినాడు. కుడిపక్క ఊపిరితిత్తిలో శెనగ్గింజంత మచ్చ.

"మీకు ముందర టీబీ వచ్చిందా?" అని అడిగినాడు.

"పెండ్లికి ముందు వచ్చె, మాత్రలు మింగినా సామీ" అంది ఆయమ్మ.

"రెండేండ్ల కిందట మన దగ్గరే స్కాన్ తీసినట్టు ఈ చీటీలో ఉంది. ఆ ఫిల్ము తెచ్చినారా?"

ఆయమ్మ మొగుని వైపు చూసింది. మొగుడు నేల చూసినాడు.

"గ్రహణం పట్టింది కదా సామీ," అన్నాడు. "సూర్యున్ని చూడల్ల, నల్లది ఏమన్నా ఇయ్యి అని పిల్లోల్లు అడిగిరి. తలా ఒక ముక్క కోసిచ్చినా."

"మొత్తమా?"

"వీధంతా పిల్లోల్లే సామీ."

డాక్టరు సారు కోప్పడలేదు. ఆ మచ్చ చూపించి వాళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పినాడు. రెండేండ్ల కిందట కూడా ఈ మచ్చ ఇంతే ఉంటే అది పాత టీబీ గుర్తు, భయం లేదు, ఇంటికి పోవచ్చు. అప్పుడు లేకుండా ఇప్పుడు వచ్చి ఉంటే, లేదా అప్పుడు చిన్నగా ఉండి ఇప్పుడు పెరిగి ఉంటే, హైదరాబాదు పోవాల. వీపులోంచి ఊపిరితిత్తికి సూది గుచ్చి ముక్క తీసి చూస్తారు.

"పాతది దొరక్కపోతే?" అని అడిగింది ఆయమ్మ.

"దొరక్కపోతే తెలుసుకునే దారి ఇంకోటి లేదు. పోవాల్సిందే." అని నా వైపు తిరిగి, "మన దగ్గర ఉంటుందిలే, తీసుకురా" అన్నాడు.

నేను నా గదికి పోతాంటే ఆయమ్మ వెనకాల వచ్చింది.

"నువ్వే కదప్పా, పోయినసారి నన్ను ఆ బల్లమీద పండబెట్టి ఊపిరి బిగబట్టమన్నది?"

"నేనేనేమో."

"నువ్వే. మొగుడు తాగి వచ్చినప్పుడు ఎట్ల బిగబడతావో అట్ల బిగబట్టు అంటివి. మా ఆయప్ప ఈడనే నిలబడి ఉండె." కొంగు సర్దుకొని, "ఇప్పుడు తాగేది ఇడిసిపెట్టినాడు. నా పటం ఉండాది కదా?" అని అడిగింది.

"ఉండాది. పోయి ఫ్యాను కింద కూర్చో" అన్నాను. అప్పటికి నేను ఇంకా చూడనే లేదు.

పేరు కొట్టి వెతికినాను. లేదు. పేరు రాయడంలో తేడా ఉందేమోనని మూడు రకాలుగా కొట్టినాను. లేదు. తేదీ చూస్తే సోమవారం నేను తీసేసిన మూటలోదే. అయినా నాకు భయం పుట్టలేదు, కడపలో ఉంటుంది కదా. లైను లేదు కాబట్టి ఎట్ల తెప్పించాలో కనుక్కుందామని హైదరాబాదు ఇంజనీరుకు ఫోన్ చేసినాను. సోమవారం చేసింది కూడా చెప్పినాను, కొంచెం గొప్పగానే.

ఆయన అంతా విన్నాడు. తర్వాత నిదానంగా, "అన్నా, మీవి వేరు, వాళ్ళవి వేరు కాదు. రెండూ ఒక్కటే. మీరు ఒకచోట తీస్తే రెండోచోట కూడా పోతుంది. ఆ రోజే చెప్పినాను, మీరు అట్టమీద రాసుకున్నారు కూడా" అన్నాడు.

నేను కేలండరు ఎత్తి చూసినాను. మొదటి మాటే అది. నా చేతిరాతే.

"అయితే పోయినట్టేనా?"

"కడప లైను ఎప్పటి నుంచి లేదన్నారు?"

"శనివారం నుంచి."

"మీరు తీసింది సోమవారం. అంటే తీసేసిన సంగతి కడప మిషనుకు ఇంకా తెలీదు. లైను కలిసిన మరుక్షణం తెలుస్తుంది, అది కూడా తీసేసుకుంటుంది. ముందు ఆ వైరు పెట్టకుండా ఆపండి. తర్వాత నాతో మాట్లాడండి."

మా పక్క ఒక పద్ధతి ఉంది. దూరాన ఉండే చుట్టానికి చావు కబురు చెవిన పడితేనే మైల. పడనంతవరకు ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతానే ఉంటాది, పిల్లోల్లు ఆడుకుంటానే ఉంటారు. కడప మిషను అట్ల పొయ్యి వెలిగించుకొని కూర్చొని ఉంది. కబురు అందకూడదు, అంతే.

మధ్యాహ్నం ఒకటిన్నర అయి ఉంటుంది. ఫోన్ చేసినాను.

"అక్కా, లైను వచ్చిందా?"

"లైనోడు ఇప్పుడే అతికించి పోయినాడు. వైరు మిషనుకు తగిలించుకోమన్నాడు. తగిలించాల."

"తగిలించొద్దు."

"ఏం?"

"తగిలిస్తే ఆడుండే పటాలు పోతాయి."

ఆమె నవ్వింది. "వైరు తగిలిస్తే పటాలు వస్తాయప్పా, పోవు. నాకు ఆ మాత్రం తెలుసు."

"ఈసారి నిజం. సోమవారం తీసేస్తాండా అన్నా కదా, నిజంగానే తీసేసినా. ఇప్పుడు ఒకామెకు..."

"ఏ దిక్కుకు తిరిగి తగిలించకూడదు? దక్షిణానికా?"

"నా బిడ్డ మీద ఒట్టు."

"పోయినసారి కూడా ఆ బిడ్డ మీదనే పెట్టినావు. ఎట్లుండాది పాప, బాగుండాదా?"

అబద్ధాలు చెప్పేదానికి నా దగ్గర వంద గొంతులు ఉన్నాయి. నిజం చెప్పే గొంతు ఒకటి కూడా లేదని అప్పుడు తెలిసింది. "నాకు పనుండాది, సాయంత్రం మాట్లాడుదాం" అని ఆమె కట్ చేసింది. మళ్ళీ చేసినాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి. ఎత్తలేదు.

కర్నూలు నుంచి కడపకు బస్సులో నాలుగైదు గంటలు. పరుగెత్తి పోయే దూరం కాదు. ఆమె నమ్మే మనిషి మా సెంటరులో ఒక్కడే, డాక్టరు సారు. ఆయన చేత చెప్పించాలంటే ముందు నేను చేసింది ఆయనకు చెప్పాల.

దాచుకోవడం ఎందుకు, అప్పుడు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. "పాత మిషను పటాలు నిలవలేదు సార్" అంటే ఎవరూ లోతుకు పోరు. కడప వైరు తగిలితే సాక్ష్యం కూడా ఉండదు. నా ఉద్యోగం నాకుంటాది. ఆయమ్మ హైదరాబాదు పోయి సూది గుచ్చించుకుంటాది. అంతేకదా, శానామంది గుచ్చించుకుంటారు. ఇంతదాకా ఆలోచించినాను. ఎంతసేపు అని అడిగితే చెప్పలేను, ఒక నిమిషం ఉంటుంది. ఆ నిమిషం గురించి నేను ఎవరి దగ్గరా జోకులు వెయ్యలేదు.

డాక్టరు సారు గదికి పోవాలంటే వరండా దాటాల. ఫ్యాను కింద ఆలుమగలు కూర్చొని ఉన్నారు. మొగుడు తువ్వాల మూట విప్పి రొట్టె తుంచి ఆయమ్మకు ఇస్తాండాడు.

"దొరికిందా అప్పా?" అని అడిగింది.

నేను నేరుగా డాక్టరు సారు గదిలోకి పోయినాను.

"సార్, ఆయమ్మ పాత పటం నేను సోమవారం తీసేసినాను. రెండేండ్లవి అన్నీ తీసేసినాను."

ఆయన కలం కింద పెట్టినాడు. "కడపలో?"

"కడపలో ఇంకా ఉండాది. వైరు తగిలిస్తే పోతాది. తగిలించొద్దని చెప్పినా, ఆమె నన్ను నమ్మలేదు. మీరు చెప్పాల."

"ఎందుకు నమ్మలేదు?"

"తూర్పు మొగం సంగతి మీకు తెలుసు కదా సార్."

నన్ను తిడతాడని నిలబడినాను. తిట్టలేదు. ఫోను తీసి కడపకు చేసినాడు. రెండోసారి మోగేటప్పటికే ఎత్తింది ఆమె. నేను చేస్తే అయితే ఎత్తదు. ఈ పక్క మాటలే నాకు వినిపించినాయి.

"అమ్మా, ఆ వైరు తగిలించినారా? ... లేదా. తగిలించొద్దండి. ... అవును. ... అవును, అతను చెప్పింది నిజమే."

ముప్పై ఏండ్ల ఉద్యోగంలో నా గురించి ఆ మాట ఎవరైనా అనడం అదే మొదలు. ఆఖరు కూడా.

తర్వాత ఇంజనీరు ఆమెతో ఫోనులో ఉండి ఒక్కొక్కటే చెప్పినాడు. ఆ మిషనుకు వైరు కాదుగదా, ఫోను ఇంటర్నెట్టు కూడా చూపించకూడదు. ఆయమ్మ ఒక్కదాని పటాలు పెన్ డ్రైవులోకి ఎక్కించి, పక్క గదిలో ఉండే వేరే కంప్యూటరుకు పెట్టి, దాన్నుంచి పంపాల. ఆమె అట్లే చేసింది. అంతా అయ్యేటప్పటికి గంట పైన పట్టింది. ఆ గంటసేపు నేను తెర ముందర కూర్చొని, పటాలు ఎంతవరకు వచ్చినాయో చూపించే నీలంగీత కుడిపక్కకు జరిగేది చూస్తా ఉన్నాను. ఎవరో వచ్చి "ఏమప్పా, ఈ పొద్దు మాటలేదు, ఒంట్లో బాగలేదా?" అని అడిగినారు. బాగలేదన్నాను.

డాక్టరు సారు పాతదాన్ని ఎడమపక్క, కొత్తదాన్ని కుడిపక్క పెట్టుకొని చూసినాడు. కొలిచినాడు. మళ్ళీ కొలిచినాడు. ఆలుమగలను లోపలికి పిలిచి, "అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. పాత మచ్చే. దగ్గుకు మాత్రలు రాస్తాను, ఆరు నెలలకు ఒకసారి వచ్చి చూపించుకోండి" అన్నాడు.

"హైదరాబాదు?" అన్నాడు మొగుడు.

"అక్కర్లేదు."

ఆయమ్మ నా వైపు తిరిగి, "ఉండాదని నువ్వు ముందే చెప్తివి కదా, ఇంతసేపు ఎందుకు పట్టె?" అంది. "శానా లోపల ఉండె" అన్నాను. "ఆదోని బస్సు పోతాది, లెయ్" అని మొగున్ని లేపుకొని పోయింది.

వాళ్ళు పోయినాక డాక్టరు సారు నాతో ఒక్కటే మాట అన్నాడు. "రేపు పొద్దున నువ్వే కడపకు పోయి మిగతావన్నీ డిస్కులో ఎక్కించుకొని రా." కొత్త డిస్కు కాగితం మీద మేనేజరు ఆ సాయంత్రమే సంతకం పెట్టినాడు.

అట్ల ఆమె మొగం మొదటిసారి చూసినాను. నేను అనుకున్నట్టు లేదు. నేనూ ఆమె అనుకున్నట్టు లేనంట, ఇంకా పొట్టిగా ఉంటాననుకుందంట. పటాలన్నీ డిస్కులోకి ఎక్కేవరకు, వైరు తగిలించకుండా ఆ పక్కనే కూర్చున్నాం. మిషను ఇంకా తూర్పు మొగం పెట్టే ఉంది. "మళ్ళీ తిప్పేదానికి వాచ్‌మన్ రానన్నాడు" అంది.

ఇకమీదట ఎట్ల అనేది ఆ పొద్దే ఆమె తేల్చింది. తిరునాళ్ళలో అంగళ్ళకు వేలంపాట పాడతారు కదా, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని. అట్ల, ఏది తీసేయాలన్నా మూడు వేర్వేరు రోజులు మూడుసార్లు నేను ఫోన్ చేసి ఆ ఫోల్డరు పేరు పూర్తిగా చదవాల. ఆమె తిరిగి నాకు చదివి వినిపించాల, తన నోటుపుస్తకంలో రాసుకోవాల. మూడోసారి అయినాక కూడా పూర్తిగా తీసెయ్యకూడదు, ఒక పక్క ఫోల్డరులో వారం రోజులు పెట్టి, ఎవరూ అడక్కపోతే అప్పుడు. ఆ వారంలోపల బయటి డిస్కు తెరిచి, నకలు ఉందో లేదో కంటితో చూడాల, ఉంటుందిలే అనుకోకూడదు. "ఈ మూడు ఫోన్లలో మాత్రం నువ్వు ఒక్క జోకు వేసినా ఆ లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు" అంది. మొదట్లో ఒక ఫోల్డరు తీసేదానికి నాకు నెల పట్టింది.

నేను రిటైరు అయ్యేవరకు అదే పద్ధతి నడిచింది. ఒక్క పటం పోలేదు. మీరు ఇప్పుడు పనిచేసే మిషన్లు ఇంకా తెలివైనవి, తీసేసినవి కొన్నాళ్ళు దాచిపెడతాయంట. మంచిదే. అయినా ఖాయమేనా అని అది అడిగేది మిమ్మల్నే. మీ పక్కన ఇంకో మనిషిని నిలబెట్టుకోండి.

ఇంకొక్కటి ఉంది, అది చెప్పి ఆపుతాను. ఈ కథను నేను శానాచోట్ల శానామందికి చెప్పినాను. చెప్పిన ప్రతిసారీ ఆఖర్లో ఒక మాట అనేవాన్ని. ఎంత కూతలోడైనా, మనసులోంచి ఒక్కసారి నిజం చెప్తే ఎదుటిమనిషికి తగులుతాది; ఫోనులో నవ్వినా, లోపల ఆమెకు తగిలింది, అందుకే డాక్టరు సారు ఫోన్ చేసేవరకు ఆ వైరు ముట్టుకోలేదు అని. వినేవాళ్ళు తల ఊపేవాళ్ళు. నేనూ అదే నమ్మినాను.

నా రిటైరుమెంటుకు సెంటరులో చిన్న సభ పెట్టినారు. కడప నుంచి ఆమె కూడా వచ్చింది. నన్ను మాట్లాడమంటే ఈ కథే చెప్పినాను. ఆఖరు మాట కూడా చెప్పి, ఆమె వైపు చెయ్యి చూపించి, "ఆ పొద్దు నన్ను నమ్మిన మనిషి ఈమెనే" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టినారు. ఆమె లేచింది. ఏదో మంచిమాట చెప్తాదని మైకు ఇచ్చినారు.

"నమ్మింది ఎవరప్పా?" అంది. "నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను అన్నానికి కూర్చొని ఉంటి. ఎంగిలి చేత్తో మిషను ముట్టుకుంటే సారు తిడతాడని, తిన్నంక తగిలిస్తాంలే అనుకుంటి. పైగా నువ్వు వద్దంటివని తప్పకుండా తగిలించాలనే అనుకుంటి. చెయ్యి కడుక్కుందామని లేస్తాంటే సారు ఫోన్ వచ్చె. ఆ పొద్దు సంగటి ఒక్క ముద్ద తక్కువ పెట్టుకొనింటే ఆయమ్మ పటం పాయ."